కాకటీల్స్‌కి తోడు ఎవరు? ముందు ఆ ‘లవ్ బర్డ్స్’ ఏవో తేల్చుకోండి

ప్రశ్న: మా ఇంట్లో రెండేళ్లుగా ఒక జత కాకటీల్స్ (తల మీద తురాయి ఉండే చిన్న చిలుకలు) ఉన్నాయి. మగది బూడిద రంగు, ఆడది లుటినో (తెలుపు, లేతపసుపు రంగుది). మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పంజరంలో బాల్కనీలో పెంచుతున్నాం. రెండూ చేతి మీదికి వస్తాయి. వీటితో పాటు ఇంకొన్ని పక్షుల్ని పెంచాలని ఉంది. దుకాణంలో అడిగితే “ఒక జత లవ్ బర్డ్స్ వేసెయ్యండమ్మా, అన్నీ కలిసిపోతాయి” అన్నారు. మా అబ్బాయి సన్ కొన్యూర్ (పసుపు, నారింజ రంగుల చిలుక) కావాలంటున్నాడు. మా అత్తగారు రామచిలుక తెచ్చుకుందాం అంటున్నారు. బాల్కనీ చివర ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చోటుంది, కావాలంటే అక్కడ జాలీ కట్టించుకోగలం. ఆడపక్షి ఈ ఏడాది ఒకసారి గుడ్లు పెట్టి పొదగకుండా వదిలేసింది. మా కాకటీల్స్‌కి ఏ పక్షులు సరిపడతాయో చెప్పండి. – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దుకాణంలో ‘లవ్ బర్డ్స్’ అన్నది ఏ పక్షిని? సగం జవాబు అందులోనే ఉంది. హైదరాబాద్ ముర్గీచౌక్ నుంచి ఊళ్లలో సైకిలు మీద పంజరాలు కట్టుకొచ్చే వాళ్ల దాకా, మన దగ్గర ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా బడ్జీలనే. ఆస్ట్రేలియాకు చెందిన చిన్న చిలుకలవి. పొడవాటి తోక, తల వెనక నుంచి వీపు దాకా సన్నటి చారలు, 30 నుంచి 40 గ్రాముల బరువు. అసలు లవ్‌బర్డ్స్ వేరు. అవి ఆఫ్రికా పక్షులు, దుకాణాల్లో ‘ఆఫ్రికన్’ అంటే ఇవే. తోక కత్తిరించినట్టు పొట్టిగా ఉంటుంది, తలతో పోలిస్తే ముక్కు పెద్దది, కొన్నింటికి కంటి చుట్టూ తెల్లటి వలయం ఉంటుంది. బరువు 50 గ్రాముల చుట్టుపక్కల.

ఈ ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్‌ని మాత్రం కాకటీల్స్‌తో ఎప్పుడూ ఒకే జాలీలో ఉంచకండి. బరువులో మీ కాకటీల్‌కి సగమే కదా, ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. అది కరిచేది కాలివేళ్లని. కాకటీల్ జాలీని పట్టుకుని వేలాడుతుంటే కింద నుంచి వచ్చి వేలు కొరుకుతుంది. ఒక్కోసారి వేలే తెగిపోతుంది. పంజరాలు వేరైనా పక్కపక్కనే ఆనించి పెట్టినప్పుడు సందులోంచి ఇదే జరుగుతుంది.

తోడు పక్షిని బరువు చూసి ఎంచుకోవద్దు. ముక్కు చూసి, నైజం చూసి ఎంచుకోవాలి. కాకటీల్ కాకటూ కుటుంబంలో అన్నిటికంటే చిన్నది. 80 నుంచి 100 గ్రాములు తూగుతుంది, కానీ పోట్లాట దాని నైజంలో లేదు. కోపమొస్తే బుస కొడుతుంది, తురాయి వెనక్కి అణుచుకుంటుంది, ముక్కు చాచి బెదిరిస్తుంది. అవతలిది తగ్గకపోతే తనే లేచి ఇంకో కొమ్మ మీదికి పోతుంది. పోవడానికి ఇంకో కొమ్మ ఉన్నంతవరకు చిక్కు లేదు. లేనప్పుడే దెబ్బలు తగులుతాయి, తిండికి దూరమవుతుంది, ఈకలు పీక్కుంటుంది. తాను తగ్గే పక్షికి తోడుగా తెచ్చేది కూడా తగ్గేదై ఉండాలి, లేదా జాలీలో వేరే ఎత్తులో తన పని తాను చూసుకునేదై ఉండాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మీ పక్షులు రెండున్నాయి కాబట్టి వాటికి తోడు కొరత లేదు. కాకటీల్ తల వంచి గోకమని అడిగితే ఆ అడగడం అర్థమయ్యేది ఇంకో కాకటీల్‌కే. బడ్జీ ముందు తల వంచితే అది నెత్తి మీద పొడుస్తుంది. మీరు తెచ్చేవి మీ ముచ్చట కోసం. అందులో తప్పేం లేదు, కానీ కాకటీల్స్ సుఖం ఏమాత్రం తగ్గకూడదు. ఇప్పుడున్న పంజరం ఒక జతకే చాలీచాలనిది, అందులో ఇంకొక్క ఫించ్‌ని (పిచ్చుక లాంటి చిన్న పక్షిని) కూడా వేయొద్దు. బాల్కనీ చివర జాలీ కడితేనే మిగతా సంగతి. ఆ పంజరాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి, దానితో చాలా పనుంది.

అబ్బాయి అడిగిన సన్ కొన్యూర్ వద్దు. వంద గ్రాములు దాటే పక్షి, ముక్కు బలం కాకటీల్ ముక్కు కంటే చాలా ఎక్కువ. దాని అరుపు అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఇళ్లకు వినిపిస్తుంది. మనిషికి అలవాటు పడితే, ఆ మనిషి దగ్గరికి వచ్చిన ఏ పక్షినైనా తరుముతుంది. గ్రీన్ చీక్ కొన్యూర్ చిన్నదే అయినా కొరకడంలో దాని తమ్ముడే. పైగా కొన్యూర్లు, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి పక్షుల్ని ఇంట్లో పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కాకటీల్, బడ్జీ ఆ అనుబంధాల్లో లేవు.

అత్తయ్యగారికి రామచిలుక సంగతి నెమ్మదిగా చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత పక్షి. పట్టుకోవడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. చట్టం మాట పక్కన పెట్టినా, దాని ముక్కు ముందు కాకటీల్ నిలవదు. ఫించ్‌లు కొనడానికి వెళ్లినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. మన చేలల్లో తిరిగే మునియా పిట్టలను పట్టుకొచ్చి ఆకుపచ్చ, గులాబీ రంగులు అద్ది ‘కలర్ ఫించెస్’ అని అమ్ముతుంటారు. ఒంటినిండా ఒకే రంగు, అది కూడా రెక్కల అంచున అతుకులు అతుకులుగా కనిపిస్తే కొనకండి.

ఇక సరిపడేవి. మీ చోటుకి, మీ జతకి మా మొదటి ఓటు ఒక జత డైమండ్ డవ్స్‌కి, వాటితో నాలుగు బెంగాలీ ఫించ్‌లకి. రెండో ఓటు నాలుగు మగ బడ్జీలకి. ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోండి. బడ్జీల్నీ ఫించ్‌ల్నీ ఆరడుగుల జాలీలో కలపొద్దు, ఫించ్ కాళ్లు పుల్లల్లా ఉంటాయి, బడ్జీ ఒక్క కొరుకుతో విరిచేస్తుంది.

డైమండ్ డవ్ చిన్న గువ్వ. తోకతో కలిపి జానెడు ఉంటుంది, బరువు 30 గ్రాములకు అటూ ఇటూ. బూడిద రంగు రెక్కల మీద తెల్లటి చుక్కలు, కంటి చుట్టూ ఎర్రటి వలయం. ఆ వలయం మందంగా, ముదురుగా ఉంటే మగది, సన్నగా ఉంటే ఆడది. కాకటీల్స్ లాగే ఆస్ట్రేలియా ఎండు భూముల పక్షే. ముక్కుతో కొరికే అలవాటు లేదు. ఎక్కువసేపు నేల మీదే నడుస్తూ గింజలేరుకుంటుంది, ఎండ పడితే రెక్క చాచి పడుకుంటుంది. కాకటీల్ పైకొమ్మ మీద కూర్చుంటే వీటికి దానితో పేచీ లేదు. ఒక మగ, ఒక ఆడ తీసుకోండి, లేదా రెండూ ఆడవి. రెండు మగవి పెడితే వాటిలో అవే కొట్టుకుంటాయి.

డవ్స్‌తో వచ్చే చిక్కులు రెండు. మొదటిది గింజలు. చిలుక జాతి గింజ పొట్టు ఒలిచి తింటుంది, గువ్వ గింజని గింజలాగే మింగుతుంది. అది లోపల నలగాలంటే సన్నటి రాతిపొడి కావాలి. కాకటీల్‌కి ఆ రాళ్లతో పని లేదు, ఎక్కువ తింటే పేగులో అడ్డుపడే ప్రమాదం ఉంది. అందుకే రాతిపొడిని గిన్నె నిండా ఎప్పుడూ ఉంచకుండా, వారానికొకసారి చెంచాడు డవ్స్ తిరిగే మూల పెట్టి, అవి తిన్నాక తీసేయండి. రెండోది రెట్ట. కాకటీల్స్ పైన, డవ్స్ కింద. పైనుంచి పడేదంతా కింద తిండి గిన్నెలో పడుతుంది. నేల గిన్నెకి జానెడు ఎత్తులో ఒక పలక అడ్డం పెట్టండి, డవ్స్ దాని కిందికి నడిచి వెళ్లి తింటాయి. ఇంకొకటి, బెదిరితే డవ్ నిటారుగా పైకి ఎగిరి తల కప్పుకి కొట్టుకుంటుంది. పైజాలీ లోపలివైపు మెత్తటి గ్రీన్ షేడ్ నెట్ బిగించి కడితే దెబ్బ తగలదు.

ఫించ్‌లలో జీబ్రా ఫించ్ కంటే బెంగాలీ ఫించ్ మేలని మా అభిప్రాయం. జీబ్రాలు చూడ్డానికి ముద్దొస్తాయి, 12 గ్రాముల పక్షులు, కానీ పొద్దస్తమానం గూడు కట్టే ధ్యాసే. గూట్లో పరచడానికి ఈకలు దొరక్కపోతే పక్కపక్షి వీపు మీద ఈకలు లాగుతాయి. కునుకు తీస్తున్న డవ్ వాటికి సులువుగా దొరుకుతుంది. జీబ్రాలే కావాలంటే మగవాటినే తీసుకోండి. బుగ్గ మీద నారింజ మచ్చ, మెడ కింద చారలు ఉన్నది మగది. బెంగాలీ ఫించ్‌లలో ఆడ, మగ చూడ్డానికి ఒకటే, మగది పాడితేనే తెలుస్తుంది. కానీ వాటికి గొడవపడటం తెలియదు, నాలుగూ ఒకే కొమ్మ మీద ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. గూడు బుట్ట పెట్టకపోతే సంతానం కూడా పెరగదు. చేతి మీదికి రావు, అబ్బాయికి ఆ ఆశ పెట్టకండి.

బడ్జీల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చివరికి చాలామంది కొనేవి అవే. కాకటీల్స్‌తో బడ్జీల్ని కలిపి పెంచేవాళ్లు మనచుట్టూ బోలెడుమంది. చాలాచోట్ల బాగానే ఉంటాయి. బాగోలేని చోట మాత్రం దెబ్బతినేది ఎక్కువగా కాకటీలే. బడ్జీ ఊరికే ఉండే పక్షి కాదు, కాకటీల్ మధ్యాహ్నం కళ్లు మూసుకుంటే వచ్చి తోక చివర్లు నములుతుంది, పక్కన కూర్చుని కాలు కొరుకుతుంది, గిన్నె దగ్గర ముందు తనే తినాలంటుంది. అన్నిటికంటే మొండిది గుడ్లు పెట్టే వయసులో ఉన్న ఆడ బడ్జీ. గూటి కోసం పక్షిని చంపడానికి కూడా వెనకాడదు, పిల్లలున్న కాకటీల్ పెట్టెలో దూరితే పిల్లలు మిగలవు.

అందుకే మగవే తీసుకోండి, అన్నీ మగవే. ముక్కురంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి చర్మం ఎదిగిన మగదానికి నీలంగా ఉంటుంది, ఆడదానికి గోధుమ రంగులోనో వెలిసిన లేతనీలంలోనో ఉంటుంది. మూడు నెలల లోపు పిల్లల్లో ఇది తికమక పెడుతుంది. మగపిల్లకి ఆ చర్మమంతా ఒకేలా గులాబీ, వంగపండు మధ్య రంగులో ఉంటుంది. ఆడపిల్లకి లేతనీలంగా ఉండి రంధ్రం చుట్టూ తెల్లటి గీత కనిపిస్తుంది. తెల్లవి, పసుపువి అయిన ఎర్రకళ్ల బడ్జీల్లో ఎదిగిన మగదానికి కూడా గులాబీ రంగే ఉంటుంది, వాటిని నీలం కోసం వెతికితే దొరకదు. దుకాణంలో ‘జత’ అని చెప్పి ఒక మగ, ఒక ఆడ చేతిలో పెడతారు, వద్దని చెప్పండి. ఇంటికి తెచ్చాక జాలీలో మట్టికుండ వేలాడదీయకండి. మగవాటికి కుండతో పని లేదు, మీ ఆడ కాకటీల్‌కి మాత్రం దాన్ని చూస్తే గుడ్ల ఆలోచన పుడుతుంది.

బోర్క్స్ పారకీట్ అని గులాబీ రంగు పొట్టతో ఒక మెత్తటి పక్షి ఉంది. నైజంలో కాకటీల్స్‌కి దానికి మించిన తోడు లేదు. తెల్లవారుజామున, సంధ్యవేళ తిరుగుతుంది, మిగతా వేళల్లో బొమ్మలా కూర్చుంటుంది. అయితే మన ఊళ్లలో దొరకడం అరుదు, నమోదు చేయించాల్సిన జాతి. రసీదుతో, పెంపకందారు కాగితాలతో ఎక్కడైనా దొరికితే ఒక జత తెచ్చుకోవచ్చు, అప్పుడు బడ్జీలు వద్దు. జావా పిచ్చుకలు కూడా నమోదు చేయాల్సినవే.

ఇప్పుడు జాలీ గది. ఆరడుగులు, మూడడుగులు, ఎత్తు ఆరున్నర అడుగులు ఉండనివ్వండి. పక్షులు అడ్డంగా ఎగురుతాయి కాబట్టి పొడవే ముఖ్యం. ఈ చోటుకి పరిమితి మీ జతతో పాటు రెండు డవ్స్, నాలుగు ఫించ్‌లు, లేదా మీ జతతో పాటు నాలుగు బడ్జీలు. అంతకు మించితే ఎంత మంచి పక్షులైనా తగువులాడతాయి. జాలీ కన్ను అర అంగుళం ఉండాలి. ముప్పావు అంగుళం కాకటీల్‌కి సరిపోయినా బడ్జీ తల దూరి ఇరుక్కుంటుంది, ఫించ్ ఏకంగా బయటపడుతుంది, ఎలుక లోపలికొస్తుంది.

వెల్డ్ మెష్ కొత్తదైతే దాని మీది జింకు పూతతో జాగ్రత్త. అతుకుల దగ్గర తెల్లటి పొడి, చిన్న బొడిపెలు ఉంటాయి. కాకటీల్‌కి తీగ నమలడం ఇష్టం, ఆ జింకు కడుపులోకి పోతే వాంతులు, విపరీతమైన దాహం, ఆకుపచ్చటి నీళ్ల రెట్ట, నీరసం వస్తాయి. బిగించే ముందు జాలీని వెనిగర్‌తో తడిపి తీగ బ్రష్‌తో రెండువైపులా గట్టిగా రుద్ది, నీళ్లతో కడిగి, కొన్నాళ్లు ఎండకీ వానకీ వదిలేయండి. తలుపు మాత్రం నిలువెత్తున పెట్టించకండి. కింది నుంచి మూడడుగుల ఎత్తు చాలు. మీరు వంగి లోపలికి వెళ్తుంటే బెదిరిన పక్షులు పైకి ఎగురుతాయి, బయటికి కాదు. దోమలకి జాలీ మీద ఇంకో సన్నటి దోమతెర కట్టండి, దోమకాటుతో పక్షులకి మశూచి లాంటి జబ్బు వస్తుంది. ఖమ్మం ఎండలు తెలిసినవే, పడమటి వైపు ఎండాకాలంలో వట్టివేళ్ల తడిక కట్టి మధ్యాహ్నం తడపండి. పక్షి నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టిందంటే అప్పటికే వేడి దానికి మించిపోయింది.

కూర్చునే కర్రలు జామ, వేప కొమ్మలైతే బాగు. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా వద్దు, అది విషం. కాకటీల్స్‌కి బొటనవేలంత లావు, బడ్జీలకి చిటికెనవేలంత, ఫించ్‌లకి ఇంకా సన్నవి. అన్ని పక్షులకీ అన్నిటికంటే పైకొమ్మే కావాలి, ఉన్నది ఒక్కటే అయితే రోజూ సాయంత్రం పంచాయితీ తప్పదు. రెండు చివర్లలో ఒకే ఎత్తులో రెండు పైకొమ్మలు కట్టి, మధ్యలో ఎగరడానికి ఖాళీ వదలండి. తిండి గిన్నెలు జాతికి రెండు చొప్పున, ఒకదాన్నుంచి ఇంకోటి కనిపించనంత దూరంగా పెట్టండి. ఒక్క గిన్నె పెడితే దాని దగ్గర కాపలా కాసే పక్షి ఒకటి తప్పకుండా తయారవుతుంది, గిన్నె నిండుగానే కనిపిస్తుంటుంది కాబట్టి ఇంకోటి పస్తున్నట్టు మీకు తెలియదు.

మేత దాదాపు అందరికీ ఒకటే: కొర్రలు, సామలు, సజ్జలు, కెనరీ గింజలు. ఇక్కడ కిరాణా కొట్టులో దొరికే కొర్రబియ్యం కాదు, పొట్టుతో ఉన్న కొర్రలు కావాలి. పొట్టు తీసినవి మొలకెత్తవు, త్వరగా పాడవుతాయి. విత్తనాల దుకాణంలో దొరికేవి మాత్రం తేవద్దు, ఎరుపో నీలమో రంగు పట్టించిన విత్తనానికి పురుగుమందు కలిపి ఉంటుంది. కాకటీల్‌కి రోజుకి ఒకటిన్నర నుంచి రెండు టేబుల్ స్పూన్లు, బడ్జీకి రెండు టీస్పూన్లకు లోపు చాలు. పొద్దుతిరుగుడు గింజలు ఉమ్మడి గిన్నెలో వేయకండి. కాకటీల్ కోసం వేసినవి బడ్జీలు ఎగబడి తిని కొవ్వుగడ్డలు తెచ్చుకుంటాయి. తోటకూర, మెంతికూర, కొత్తిమీర, మునగాకు, తురిమిన క్యారెట్, లేత మొక్కజొన్న కంకి అందరికీ పనికొస్తాయి. అవకాడో, చాక్లెట్, ఉప్పు తగిలినవేవీ వద్దు. సున్నం (కాల్షియం) కోసం ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో దొరికే తెల్లటి పెంకు ఒకటి కట్టండి, మీ ఆడపక్షికి అది ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఆడపక్షి గుడ్ల మాటకొస్తే, కొత్త జాలీలో దానికి చీకటి మూల, పెట్టె, కుండ, అట్టపెట్టె ఏదీ దొరకనివ్వకండి. వెలుతురు రోజుకి పది పన్నెండు గంటలకి మించనివ్వకండి. అయినా పెడితే జతని పాత పంజరంలోకి మార్చి, అక్కడే గుడ్లతో ఉండనివ్వండి. ఆ రోజుల్లో మగ కాకటీల్ కూడా దగ్గరికొచ్చిన పక్షిని నిజంగానే కరుస్తుంది. ఎప్పుడైనా నేల మీద ఉబ్బి కూర్చుని, తోక ఆడిస్తూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందని అర్థం, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

కొత్త పక్షులు ఇంటికి రాగానే జాలీలో వదలడమే అందరూ చేసే పొరపాటు. బడ్జీలు, కాకటీల్స్ రెండూ పైకి బాగానే ఉంటూ సిట్టకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బుని మోసుకురావచ్చు, అది మనుషులకి కూడా జ్వరం, దగ్గు, ఊపిరితిత్తుల జబ్బుగా అంటుతుంది. బడ్జీలతో ముఖం మీద సున్నం పేరుకున్నట్టు కనిపించే గజ్జి పురుగు, కడుపులో శిలీంధ్రం రావచ్చు. డవ్స్‌తో గొంతులో పసుపు పొక్కులు తెచ్చే ట్రైకోమోనాస్ రావచ్చు. కాబట్టి 45 రోజులు వేరే గదిలో, వేరే పంజరంలో, వేరే గిన్నెలతో ఉంచండి. ముందు పాత పక్షుల పని చూసుకుని, తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్లి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మీ కాకటీల్స్ ఈలోగా కొత్త జాలీకి మారిపోతే పాత పంజరమే ఇందుకు పనికొస్తుంది, వాడేముందూ వాడాకా కడిగి ఎండబెట్టండి. రెండో వారంలో రెట్ట పరీక్ష చేయించండి. మీకు మామునూరు, గన్నవరం పశువైద్య కళాశాలలు రెండూ అందుబాటులో ఉన్నాయి.

నలభై అయిదు రోజులయ్యాక పంజరాన్ని జాలీకి అడుగు దూరంలో రెండు వారాలు ఉంచండి. ఆనించకూడదు, వేళ్ల సంగతి గుర్తుందిగా. తర్వాత, డవ్స్ ఫించ్‌లైతే కాకటీల్స్‌ని బయటికి తీసి కొత్తవాటిని రెండు రోజుల ముందు జాలీలో వదలండి, బెరుకు పక్షులకి కొమ్మలూ గిన్నెలూ ముందే తెలియాలి. బడ్జీలైతే ముందు వదలొద్దు, అవి జాలీ తమదే అనుకుంటాయి. కొమ్మలు, గిన్నెలు అటూ ఇటూ మార్చి అందరినీ ఒకేసారి, పొద్దున్నే, ఇంట్లో రోజంతా ఎవరైనా ఉండే సెలవు రోజున వదలండి. బుస కొట్టడం, కొమ్మ మీంచి పక్కకి నెట్టడం చూసి కంగారుపడకండి. ఒక పక్షి ఇంకోదాన్ని కొమ్మ కొమ్మకీ తరుముతుంటే, ఎవరైనా మూలకి నేల మీద దిగి పైకి రాకపోతే, రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే విడదీయాలి. రక్తం కారే చోట కార్న్‌ఫ్లోర్ అద్ది వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి.

రాత్రి సంగతి చాలామంది మర్చిపోతారు. కాకటీల్స్‌కి చీకట్లో ఉలిక్కిపడి పిచ్చిగా రెక్కలు కొట్టుకునే అలవాటుంది, లుటినోల్లో అది మరీ ఎక్కువ. బల్లి పాకినా, కారు లైటు పడినా, దీపావళి టపాసు పేలినా చాలు. వంద గ్రాముల పక్షి చీకట్లో జాలీ అంతా కొట్టుకుంటుంటే 12 గ్రాముల ఫించ్‌లు ఏమవుతాయి? మీవి చేతి మీదికి వస్తాయి కాబట్టి తేలికైన ఉపాయం ఉంది. సాయంత్రం పొద్దుగూకే ముందు కాకటీల్స్‌ని పాత పంజరంలోకి తీసుకుని ఇంట్లో పడుకోబెట్టండి. లోపల ఒక కొర్రకంకి, నాలుగు పొద్దుతిరుగుడు గింజలు పెడితే వారంలో వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. దగ్గర్లో జీరో బల్బు వెలగనివ్వండి. ఆ గదిలో అగరొత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్ వద్దు. వంటింటి పక్కనైతే నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపుతుంది.

మొదటి మూడు నెలలు వారానికొకసారి కాకటీల్స్‌ని వంటింటి తూకం మీద తూచి రాసిపెట్టుకోండి. ఈకలు ఒత్తుగా ఉంటాయి కాబట్టి పక్షి చిక్కినా కంటికి తెలియదు, తూకం చెబుతుంది. 90 గ్రాముల పక్షి 81కి దిగిందంటే ఎవరో దాన్ని గిన్నె దగ్గరికి రానివ్వడం లేదు, లేదా జబ్బు మొదలైంది. డాక్టర్‌కి చూపించండి, ఆ లోపు జతని పాత పంజరంలో ఉంచి బరువు తిరిగి పెరుగుతుందేమో చూడండి. వేరుచేశాక పెరిగితే ఆ తోడు మీ కాకటీల్స్‌కి పడలేదన్నమాట, కొత్తవాటికి వేరే పంజరం చూసుకోండి.